తాడుకి ఇవతలి చివర

ఫిబ్రవరి 3

ఇవాళ షాపుకి ఒక మహానుభావుడు వచ్చాడు. పొట్ట ముందు, మనిషి వెనక. బస్సు కోసం కూడా ఎప్పుడూ పరిగెత్తిన ఒళ్ళు కాదు. "ఎర్ర బూట్లు కావాలి, వచ్చే నెల పెద్ద పరుగుంది" అన్నాడు. పాదం కొలుద్దాం కూర్చోండి అంటే, "నా సైజు నాకు తెలుసు" అన్నాడు. తెలుసు, పెళ్ళినాటి సైజు. వయసుతో పాటు పాదం కూడా పరుచుకుంటుందని, పరిగెడితే ఇంకా ఉబ్బుతుందని, బొటనవేలి ముందు అంగుళం కాకపోయినా దానికి దగ్గరగా చోటుండాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అంతా విని బిగుతుగా ఉన్న జతే పట్టుకుపోయాడు. రంగు నచ్చిందట. ఆ వేలిగోళ్ళు నల్లబడి ఊడిపోతాయి. ఊడనీ.

అసలు ఈ డైరీ తీసింది వీళ్ళ గురించి రాయడానికి కాదు. మే నెలాఖర్లో మరదలికి, మా ఇంట్లోనే ఉండే మా ఆవిడ చెల్లెలికి, జట్టు ఎంపిక పరుగుంది. అప్పటిదాకా ఇద్దరం రోజూ ఏం చేశామో రాసిపెట్టుకుందామని. తీరా చూస్తే ఈ దరిద్రులే పేజీలు తినేస్తున్నారు.

ఫిబ్రవరి 5

గ్రౌండులో కొత్త ప్రాణి దిగింది. పళ్ళ డాక్టరట. మోకాళ్ళ దాకా చారల సాక్సులు, నడుముకి నీళ్ళ సీసాల పట్టీ, చేతికి టీవీ అంత గడియారం. పరుగు మొదలుపెట్టేముందు నిద్రలేచిన పిల్లిలా ఒళ్ళు విరుచుకుంటూ చాలాసేపు గడుపుతుంది. పరిగెత్తేది మాత్రం కాసేపే.

మేం ఆగి నీళ్ళు తాగుతుంటే వచ్చింది. "ఆవిడకి బొత్తిగా కనిపించదాండీ?" అని అడిగింది. మరదల్ని కాదు, నన్ను.

మా మరదలు ఊరుకునే రకమా. "కనిపించదండీ, పుట్టినప్పట్నుంచీ. వినిపించడం మాత్రం బాగానే వినిపిస్తుంది" అంది.

డాక్టరమ్మ మొహం కందగడ్డయింది. "సారీ అండీ, మిమ్మల్నే అడగాల్సింది" అంది. పోనీ అంతటితో పోయిందా అంటే, తాడు చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడింది. చెప్పాను, చెప్పక చస్తానా. మూరెడు తాడు. ఒక ఉచ్చు నా కుడిచేతికి, ఇంకోటి తన ఎడమచేతికి. లోపలి కాళ్ళు రెండూ కలిసి పడాలి, బయటి కాళ్ళు రెండూ కలిసి పడాలి. దారంతా నేను చెబుతూ ఉండాలి, మలుపనీ గుంటనీ కుక్కనీ. గీత దాటేటప్పుడు మాత్రం తను ముందు దాటాలి, నేను వెనక. నేను ముందు దాటానా, ఇద్దరం పరుగులో లేనట్టే.

"ఇద్దరూ ఒకే మనిషిలా పరిగెడుతున్నారండీ" అంది.

ఆ ఒక్కమాటా సరిగ్గా అంది. నేనొక్కణ్ణే పరిగెత్తిన రోజుల్లో ఎక్కడో మధ్యలో వచ్చేవాణ్ణి, ఎవడూ చూసేవాడు కాదు. మరదలితో పరిగెడితే దారి పొడుగునా చప్పట్లు. అందులో సగం నాకేనని లెక్క. అనుకుంటే తప్పేముంది.

ఫిబ్రవరి 11

పోయినేడాది ఈ పిల్ల మలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని వేలాడేది. ఇప్పుడు మలుపొస్తోందని నేను చెప్పేలోపే తిరిగేస్తోంది. నీళ్ళ ఆఫీసులో ఫోన్లో ఫిర్యాదులు తీసుకునే ఉద్యోగం తనది. రోజంతా జనం తిట్లు తిని పొద్దున్నే ఆ కసంతా కాళ్ళల్లో చూపిస్తుంది. "బావా, ఇవాళొకావిడ, మా కుళాయిలో నీళ్ళు రావట్లేదు, నువ్వు నా జీవితం నాశనం చేశావు అంది" అని ఆవిడ గొంతుతోనే చెబుతూ పరిగెడుతుంది. నేను నవ్వలేకపోయాను. ఊపిరందలేదు. గాలి బాగాలేదు ఈమధ్య.

గైడన్నవాడు పరిగెత్తేవాళ్ళకంటే ఒక మెట్టు పైనుండాలి. మాట్లాడుతూ పరిగెత్తాలి కదా. అందుకని సాయంత్రం షాపు నుంచి వచ్చాక ఒక్కణ్ణే సిమెంటు రోడ్డు మీద అదనంగా పరిగెడుతున్నాను. ఎవరికీ చెప్పే పని లేదు.

దూరం కాస్తకాస్తగా పెంచాలి, మధ్యలో కాళ్ళకి విశ్రాంతినివ్వాలి అని షాపులో అందరికీ నేనే చెబుతాను. అది వాళ్ళలాంటి వాళ్ళకి.

ఫిబ్రవరి 20

ఎడమకాలు, మోకాలి కింద ముందెముక పక్కన కాస్త బిగుతు. కొత్త బూట్లు ఇంకా అలవాటు పడలేదు.

ఫిబ్రవరి 21

బిగుతే.

ఫిబ్రవరి 24

ఒకావిడ కుంటుకుంటూ వచ్చింది, ఇంకాస్త మెత్తటి బూట్లు కావాలట. మెత్తటి బూట్లు! ఎక్కడ నొప్పి అంటే ముందెముక చూపించింది. కూర్చోబెట్టి అడిగాను. నొప్పి జానెడు మేర పాకినట్టుందా, ఒకే చోటుందా? వేలితో నొక్కితే ఒకేచోట ప్రాణం పోయినట్టుంటే అది కండరం కాదు, ఎముక. పడుకున్నప్పుడు కూడా సలుపుతోందంటే ఇంక మాట్లాడే పనే లేదు. పరుగాపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళకపోతే సన్నటి బీట కాస్తా పెద్దదై ఎముకే విరుగుతుంది.

"వచ్చే వారం పరుగుందండీ, మాత్ర వేసుకుని లాగించేస్తాను" అంది.

"మాత్ర నొప్పిని దాస్తుందమ్మా, ఎముకని అతికించదు. కాలు కావాలా, పరుగు కావాలా?" అన్నాను.

మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. వేరే షాపులో కొనుక్కుంటుంది. ఇలాంటి వాళ్ళకి దేవుడు కాళ్ళిచ్చినప్పుడు బుర్ర కూడా ఇచ్చుంటే బాగుండేది.

తర్వాత స్టాకు గదిలో నిచ్చెన మెట్టు మీద కూర్చుని నా కాలు నొక్కి చూసుకున్నాను. మరీ ఒకేచోట అని చెప్పలేం. నా వేలు కొంచెం లావు.

మార్చి 2

ఒళ్ళు కాస్త వెచ్చబడింది. గొంతులో గరగర, ఛాతీలో కొద్దిగా పట్టేసినట్టుంది. మా ఆవిడ బళ్ళో పంతులమ్మ. పిల్లల్ని పట్టినట్టు నన్నూ పట్టుకుని నోట్లో థర్మామీటరు కుక్కింది.

"జలుబు ముక్కుదాకా ఉంటే నెమ్మదిగా పరిగెత్తొచ్చు, ఛాతీలోకి దిగినా జ్వరం ఉన్నా మంచం దిగొద్దు అని మీరే కదండీ మా తమ్ముడికి క్లాసు పీకారు?" అంది.

"మీ తమ్ముడికి అసలు పరిగెత్తే ఉద్దేశమే లేదు. సాకు దొరికిందని సంబరపడ్డాడు" అన్నాను.

వెళ్ళేవాణ్ణి కాదేమో. కానీ నిన్న గ్రౌండులో పళ్ళ డాక్టరమ్మ నా దగ్గు విని, "రేపు మీరు రెస్టు తీసుకోండి, తాడు నేను పట్టుకుంటాను, నేర్పించండి" అంది. ఎంత ధైర్యం! పళ్ళు పీకేటప్పుడు కూడా ఇలాగే అడిగినట్టు అడిగి పీకేస్తుంది కాబోలు. వెళ్ళాను. పరిగెత్తాను. ఏమీ కాలేదు. వచ్చి దుప్పటి రెండు మడతలేసి కప్పుకున్నాను, అంతే.

మార్చి 6

మరదలికి జ్వరం. పడకేసింది.

"అంటించి వచ్చారుగా" అంది మా ఆవిడ. ఊళ్ళో ఎంతమందికి లేదు జ్వరం. బస్సులో వచ్చుంటుంది, ఆఫీసులో వచ్చుంటుంది. నాదొక్కటే జ్వరమా.

మార్చి 12

మరదలు లేచింది. ఎంపిక దగ్గరపడుతోంది, వారం పోయింది. ఇవాళ వేగంగా పరిగెత్తాం. ఇంటికొచ్చాక మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకోవాల్సొచ్చింది. బిగుతు.

మాత్ర వేసుకున్నాను. తలనొప్పిగా ఉంది కూడా.

మార్చి 13

మాత్ర పరుగుకి ముందే వేసుకుంటే బాగా పనిచేస్తోంది. తలనొప్పికి.

మార్చి 16

మరదలు బెంచీ మీద కూర్చుని కాలు రుద్దుకుంటోంది. మోకాలి కింద, ముందెముక. "ఏమైంది?" అంటే "ఏం లేదులే బావా" అంది.

కుడికాలు. నాది ఎడమ. దానికీ దీనికీ సంబంధం లేదు.

బూట్లే అయ్యుంటాయి. షాపు నుంచి వేరే జత తెచ్చి ఇచ్చాను. ఆ కంపెనీ వాళ్ళు ఈ ఏడాది అడుగు భాగం మార్చి పాడుచేశారు. ఎవడికి చెప్పుకుంటాం. ఐసు పెట్టుకోమన్నాను, గుడ్డలో చుట్టి, నేరుగా పెట్టొద్దని.

మార్చి 18

ఎవడూ రాలేదు షాపుకి. హాయి.

మార్చి 19

ఒళ్ళు మండిపోతోంది. పళ్ళ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, మహా గుట్టు చెబుతున్నట్టు, "మీరు కుంటుతున్నారండీ" అంది.

"నేనా?"

"రెండు వారాల నుంచీ చూస్తున్నాను. ఎడమకాలు పూర్తిగా ఆన్చట్లేదు. చూపించుకోండి. ఎవరో ఎందుకు, మా హాస్పిటల్లోనే మంచి ఫిజియో ఉన్నాడు."

"నా నోట్లో పన్ను కదిలితే మీకు చూపిస్తాను డాక్టరుగారూ. కాళ్ళ సంగతి నాకొదిలేయండి. జనం కాళ్ళు చూసే నేను బతుకుతున్నాను" అన్నాను.

ఆవిడకి కోపం కూడా రాలేదు. అదే ఇంకా మండింది. "సరేనండీ. ఆవిడకీ నొప్పి మొదలైనట్టుంది కదా, అందుకని చెప్పాను" అని తన సీసాలు ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

మొత్తం గ్రౌండులో ఒక్కరికీ పని లేదు. అందరూ నా కాళ్ళే చూస్తున్నారు.

మార్చి 22

రాయాలని లేదు. రాస్తాను.

మరదలు పొద్దున మంచం దిగి కుడికాలు ఆన్చగానే నొప్పితో మళ్ళీ కూర్చుండిపోయింది. మా ఆవిడ స్కూలుకి సెలవు పెట్టింది. ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎవర్ని అడిగిందంటే, ఇంకెవర్ని, పళ్ళ డాక్టరమ్మనే. ఇద్దరూ ఫోన్లో ఎప్పుడు కలుసుకున్నారో నాకు తెలీదు. నేనూ వెళ్ళాను. ఆ ఫిజియో ఏం వాగుతాడో చూద్దామని.

లావుపాటి మనిషి, తాపీగా ఉంటాడు. ముందు మరదల్ని బల్ల మీద పడుకోబెట్టి కాలు నొక్కాడు, వంచాడు, అడిగాడు. దూరం ఒక్కసారిగా పెంచారా? లేదు. బూట్లు మార్చారా? నొప్పి వచ్చాకే మార్చాం. ఏటవాలు రోడ్డు మీద పరిగెడుతున్నారా? లేదు. తర్వాత పరుగు యంత్రం ఎక్కించాడు. కమ్మీ పట్టుకుని, నొప్పి లేనంత నెమ్మదిగా పరిగెత్తింది. తిన్నగా, గీత గీసినట్టు. లోపం ఎక్కడా లేదు. మనిషి గడ్డం గోక్కున్నాడు. నాకు లోపల సంతోషంగానే ఉంది, వీడికీ ఏం తెలీదని.

"రోజూ పక్కన ఎవరైనా పరిగెడతారా అమ్మా?"

"నాకు ఒక్కదానికి ఎలా కుదురుతుందండీ. మా బావ ఉంటాడు."

అప్పుడు నా వైపు తిరిగాడు. "అయితే మీరిద్దరూ ఈ వరండాలో ఒకసారి పరిగెత్తి చూపించండి. రోజూ ఎలా పరిగెడతారో అలా" అన్నాడు.

తాడు లేదు. మా ఆవిడ చున్నీ ఇచ్చింది. ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తాం. ఇవాళ మాత్ర వేసుకోలేదు నేను. ఆయన ఇంకోసారి అన్నాడు. మళ్ళీ పరిగెత్తాం. మూడోసారి అనలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ప్యాంటు పైకి లాగి, ఒక్క వేలితో నొక్కాడు.

నేను అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళందరూ చూశారు.

"రోగం మీది, కాలు ఆవిడది" అన్నాడు. "మీరు ఎడమకాలు దాచుకుంటున్నారు. ఇద్దరి అడుగూ ఒకటే కాబట్టి ఆవిడ కుడికాలు మీ కుంటుకి సరిపోయేలా పడుతోంది. అద్దంలో బొమ్మ చూడండి, అలాగే. బాగున్న కాలితో రోజూ కుంటితే అది బాగెలా ఉంటుంది?"

ఇద్దరికీ స్కానులు తీశారు. తనది ఎముక పైపొర వాచింది, బీట పడలేదు. విశ్రాంతినిచ్చి మెల్లగా మొదలుపెడితే ఎంపిక నాటికి అందుకోవచ్చన్నాడు. నాది బీట. వెంట్రుకవాసి. ఇంకొన్నాళ్ళు ఇలాగే పరిగెత్తి ఉంటే రోడ్డు మీదే విరిగేదన్నాడు. "పక్కనున్న మనిషిని కూడా లాక్కుంటూ పడేవారు" అని కూడా అన్నాడు. అది అనాల్సిన అవసరం లేదు.

మా ఆవిడ ఒక్కమాటే అంది. "జలుబైతే అందరూ అంటిస్తారు. కుంటు అంటించినవాణ్ణి మిమ్మల్నే చూశాను."

మరదలు నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 23

కాలికి బూటులాంటి చట్రం వేశారు. మోకాలి దాకా. బూట్ల షాపువాడికి ఈ బూటు.

మార్చి 25

నిన్న బస్సులో జరిగింది రాయలేదు. రాద్దామా వద్దా అని ఆగాను. హాస్పిటల్ నుంచి ఆ కాగితాలేవో తేవడానికి నేనూ మరదలూ వెళ్ళాం. ఇద్దరూ కుంటుతూ ఎక్కితే కండక్టరు జాలిపడి సీటిప్పించాడు.

"నీకు తెలియలేదా, నేను కుంటుతున్నట్టు?" అని అడిగాను. తెలియదంటుందనే అడిగాను. తెలియదంటే తప్పు సగం తగ్గుతుంది కదా.

"మొదటి వారమే తెలిసింది బావా. నీ చెయ్యి ఒక పక్కకి దిగిపోయేది. మాట కూడా ఆ కాలు పడ్డప్పుడల్లా తెగేది."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమంటావు? బిగుతంటావు. కొత్త బూట్లంటావు. నా మీద ఒంటికాలి మీద లేస్తావు."

చేతిలో టికెట్టు నాలుగు మడతలేశాను. తర్వాత తనే అంది, కిటికీ వైపు మొహం తిప్పుకుని. "నువ్వు ఆపేస్తే నాకెవరున్నారని కూడా భయమేసింది, అబద్ధమెందుకు. ఇంకోటి ఏంటంటే, నేను తిన్నగా పరిగెడితే తాడు నిన్ను లాగేసేది. ఒకసారి తూలావు, గుర్తుందా, నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర. అప్పట్నుంచి నువ్వెలా వేస్తే నేనూ అలాగే వేశాను. పడిపోతావేమోనని."

"కావాలనే?"

"ఊఁ. కావాలనే."

ఇన్నాళ్ళూ దారి చూపిస్తున్నది నేనని, మలుపూ గుంటా నా వల్లే దాటుతోందని ఎంత గర్వపడ్డాను. ఈ పిల్ల నన్ను పడకుండా పట్టుకుని పరిగెడుతోంది. పట్టుకున్నందుకు కాలు పాడుచేసుకుంది. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. మరదలికి కనిపించదు కదా అనుకున్నాను. "ముక్కు తుడుచుకో బావా" అంది.

ఏప్రిల్ 9

షాపులో స్టూలు మీద కూర్చునే అమ్ముతున్నాను. వచ్చిన ప్రతివాడూ నా కాలు చూసి, "పరిగెత్తారా?" అని ఇకిలిస్తాడు. మెట్ల మీద పడ్డానని చెబుతున్నాను.

ఏప్రిల్ 17

మరదలు మళ్ళీ మొదలుపెట్టింది. కాస్త నడక, కాస్త పరుగు. తాడు ఎవరు పట్టుకుంటున్నారో రాయడం కూడా దండగ. నేను బెంచీ మీద కూర్చున్నాను.

ఆ డాక్టరమ్మకి చెప్పడం చేతకాదు. "ఇప్పుడు కొంచెం కుడివైపుకి జరుగుదామాండీ, అక్కడ చిన్న గుంటలాంటిది ఉన్నట్టుంది" అంటుంది. ఆ వాక్యం పూర్తయ్యేలోపు మరదలు గుంటలో ఉంటుంది. "గుంట, కుడి!" అని అరిచాను బెంచీ మీద నుంచి. "అంతే, రెండే ముక్కలు! ఆవిడతో పరిగెత్తడానికి వచ్చావా, పెళ్ళి మాటలు మాట్లాడ్డానికి వచ్చావా?"

నువ్వు అన్నాను కాబోలు. ఆవిడ పట్టించుకోలేదు. "గుంట, కుడి" అని తనలో తాను అనుకుంటూ వెళ్ళింది.

ఏప్రిల్ 28

ఒప్పుకోవడం నాకిష్టం లేదు. వేగం ఉంది ఆవిడలో. నాతో పరిగెత్తేటప్పుడు మరదలు ఆపుకుని పరిగెత్తేదని ఇవాళ తెలిసింది, వదిలేస్తే ఎలా ఉంటుందో చూశాక. ఆ పిల్లి విరుపుల వల్ల కాబోలు, డాక్టరమ్మకి ఇంతవరకు ఒక్క కండరం పట్టలేదు. అలసిపోతే మధ్యలో ఆపి, "ఇవాళ్టికి చాలండీ" అంటుంది, సిగ్గు లేకుండా. మరదలు కూడా సరేనంటుంది. నాతో అయితే ఎప్పుడైనా అందా?

నేనెప్పుడైనా అడిగానా.

మే 10

చట్రం తీసేశారు. నడవొచ్చు, పరుగు మాత్రం అప్పుడే వద్దన్నాడు డాక్టరు. అప్పుడే అంటే ఎప్పుడని అడిగితే, "కాలే చెబుతుంది" అన్నాడు. డబ్బా కబుర్లు.

మే 16

స్టాకు గదిలో తలుపేసుకుని ఎడమకాలి మీద గెంతి చూశాను. అలా గెంతితే ఎముక అతికిందో లేదో తెలుస్తుంది. ఏమీ లేదు. దాదాపు ఏమీ లేదు.

మే 18

మళ్ళీ గెంతాను. బాగానే ఉంది. బాగానే ఉందని రాయడానికే ఈ డైరీ తీశాను.

మే 21

వంటింట్లో చపాతీలు ఒత్తుతూ మరదలు అడిగింది. మా ఆవిడ ఇంట్లో లేదు. ఉన్నప్పుడు అడగకూడదనే ఆగినట్టుంది.

"రేపు గైడు పేరు ఇవ్వాలి బావా. మార్చుకోవడానికి అదే ఆఖరు. నీ కాలెలా ఉంది?"

"డాక్టరు ఏమన్నాడో మీ అక్క చెప్పలేదా?"

"డాక్టర్ని అడగట్లేదు. నిన్నడుగుతున్నాను. నీకు నేర్పించాల్సిన పని లేదు, నీ అడుగు నాకు తెలుసు. నువ్వు బాగుందంటే నీ పేరే ఇస్తాను. ఇంకోసారి అడగను. గెంతి చూపించమనను, ఎవరికీ చెప్పను. నీ మాట చాలు."

ఒత్తడం ఆపింది. కర్ర పక్కన పెట్టి, చేతులకి పిండితో నిలబడింది.

ఎంత చిన్న మాట అది. బాగుంది. రోజుకి ఎన్నిసార్లు అంటాం. ఎలా ఉన్నారంటే బాగున్నాం, కూర ఎలా ఉందంటే బాగుంది. నోటి చివరి దాకా వచ్చింది. అన్నానంటే ఆదివారం ఆ దారంతా చప్పట్లు. ఫోటోలో నేను. జట్టు ఎక్కడికెళితే అక్కడికి నేను. మళ్ళీ తాడు బిగుస్తుంది. మళ్ళీ ఈ పిల్ల కిక్కురుమనకుండా నా కుంటు కుంటుతుంది. ఎందుకంటే బాగుందని చెప్పింది నేను కదా.

"బాగాలేదు" అన్నాను.

మరదలు నా గొంతు వచ్చిన వైపుకి ఒకడుగు వేసింది.

"నిన్న గెంతితే సలిపింది. ఇవాళ కూడా సలుపుతోంది. నొప్పి. బిగుతు కాదు, నొప్పే. ఆ పళ్ళదాని పేరు ఇచ్చెయ్. చెప్పడం ఇప్పటికి కాస్త వచ్చింది దానికి."

పిండి చేతుల్తోనే నా మొహం తడిమింది. తర్వాత కర్ర అందుకుని, "పళ్ళదాని కాదు బావా, డాక్టరుగారి" అంది.

మే 22

చెత్త రోజు. ఇద్దరు కస్టమర్లు, ఇద్దరూ వెధవలే.

మే 26, ఆదివారం

పొద్దున్నే వెళ్ళాం, నేనూ మా ఆవిడా. ఆమె ముగింపు గీత దగ్గర కూర్చుంది. నేను ఆఖరి మలుపు దగ్గర ఇనప కంచె పట్టుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి గీత కనిపిస్తుంది. చుట్టూ జనం. ఇంతమందికి ఆదివారం ఇంట్లో పనుండదా.

ఒక్కొక్క జంటా వస్తోంది. ఒకడు తన మనిషిని ఈడ్చుకుంటూ పోతున్నాడు, మేకని సంతకి లాక్కెళ్ళినట్టు. ఇంకొకడు అసలు ఏమీ చెప్పడు, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు. వీళ్ళందరికీ ఎవడిచ్చాడో తాడు.

అప్పుడు కనిపించారు. చారల సాక్సులే ముందు కనిపించాయి, ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి అవి. జట్టులోకి రావాలంటే ఇంత కాలంలో గీత దాటాలని లెక్క, గడియారం మీద అది అయిపోవస్తోంది. మలుపులో ఎవడో నీళ్ళ సీసా పారేశాడు, నడి దారిలో దొర్లుతోంది. అరవబోయాను. నాకంటే ముందే వినిపించింది.

"సీసా, ఎడమ! మలుపు, కుడి! ఇప్పుడే!"

అంతే. పెళ్ళి మాటల్లేవు. మరదలు సీసా పక్క నుంచి గాలిలా తిరిగింది. లోపలి కాళ్ళు రెండూ కలిసి, బయటి కాళ్ళు రెండూ కలిసి. కుడికాలు పూర్తిగా ఆనుతోంది. చూశాను, ముందు అదే చూశాను, మొహాలు తర్వాతే. నా ముందు నుంచి పోయేటప్పుడు డాక్టరమ్మ మొహం పాలిపోయి ఉంది, ఆయాసంతో నోరు తెరుచుకుని, అయినా చెబుతూనే ఉంది. తిన్నగా, తిన్నగా, తిన్నగా. గీత దగ్గరికొచ్చాక అడుగు వెనక్కి వేసి చెయ్యి ముందుకి చాచింది. మరదలు ముందు దాటింది.

కాలం ఉండగానే. రెండు మూడు క్షణాల తేడాలో.

నేను గొంతు పోయేలా అరుస్తున్నానని అప్పుడు తెలిసింది. కంచె మీదకి సగం ఎక్కేసి ఉన్నాను. పక్కన టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన నా చొక్కా పట్టుకుని కిందికి లాగుతూ, "జాగ్రత్త బాబూ! పరిగెత్తినవాళ్ళు మీవాళ్ళా? ఎవరు, ఆ చూపు లేని అమ్మాయా?" అన్నాడు.

"ఇద్దరూ" అన్నాను.

ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పేది లేదు. ముఖ్యంగా ఆ పళ్ళ డాక్టరమ్మకి.